సాక్ష్యంలో నేను చెప్పని మాత్ర

ముందే చెప్పేస్తున్నాను, దాల్చినచెక్క మీద నాకేమీ కోపం లేదు. బిరియానీలో వేస్తాను, మసాలాలో నూరతాను. ఇప్పటికీ సుగరు ఉన్నవాళ్ళెవరైనా మా ఇంటికొచ్చి, చెక్కపొడి వేసుకుంటే తగ్గుతుందటగా టీచరుగారూ అని అడిగితే విసుక్కోను. ఆ హక్కు నాకు లేదు. ఆ మాట ఊరూరా మోసినదాన్ని నేనే.

నా పేరు కరుణ. తాడేపల్లిగూడెంలో ఉంటాం. ఉంగుటూరు వైపు ఒక ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. నాకు నోరెక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నేను నోరు తెరిస్తే నలుగురూ వింటారని నాకు లోపల బోలెడంత గర్వం కూడా ఉండేది. ఇది 2008 వేసవి సెలవుల్లో రాస్తున్నాను. గండం గడిచింది. అయినా ఇంట్లో పని సర్దుకుని కూర్చున్నానంటే చాలు, అదే గుర్తొస్తోంది. రాస్తే కాస్త కుదుటపడతానేమో అని ఒక ఆశ. చదివినవాళ్ళలో ఒక్కరైనా మాత్రల డబ్బా మళ్ళీ తెరుస్తారేమో అని ఇంకో ఆశ.

2004 వర్షాకాలంలో నాకు దాహం పట్టుకుంది. స్కూల్లో పాఠం చెబుతూ చెబుతూ మంచినీళ్ళ బిందె దగ్గరికి పరిగెత్తేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్ళు. హాజరుపట్టీలో పేర్లు మసగ్గా కనిపిస్తే కళ్ళజోడు మార్చాలనుకున్నాను. తొడ మీద సెగ్గడ్డ లేచి ఎంతకీ మానకపోయేసరికి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గూడెంలో మేమెప్పుడూ చూపించుకునే డాక్టరుగారే. రక్తం పరీక్ష చేయించి సుగరన్నారు. కొవ్వు కూడా ఉండాల్సినదానికంటే ఎక్కువుందన్నారు. నాకప్పటికి నలభై ఆరేళ్ళు. స్వీటు ముట్టనే ముట్టనండీ, నాకెందుకొచ్చిందండీ అని ఆయనతోనే పోట్లాట పెట్టుకున్నాను. స్వీటు ముట్టకపోయినా మూడు పూటలా పళ్ళెం నిండా అన్నం తింటారు కదమ్మా అని ఆయన నవ్వి, పొద్దున వేసుకోమని ఒక మాత్ర రాశారు.

నాకు జబ్బు కంటే ఆ మాత్ర ఎక్కువ నామోషీ అనిపించింది. బీరువాలో చీరల మడతల మధ్య దాచేదాన్ని. మా ఆయన ప్రసాద్‌కి తప్ప ఇంకెవరికీ తెలియనివ్వలేదు. టీచరమ్మకి సుగరట అని నలుగురూ జాలిగా చూడటం ఊహించుకుంటేనే తల కొట్టేసినట్టుండేది.

మా ఆయన అక్క రాహేలు వదినగారికి ఆ సిగ్గు లేదు. ఆవిడది ముదినేపల్లి దగ్గర ఊరు, మా ఆయన సొంతూరు అదే. అత్తగారు చిన్నప్పుడే పోతే మా ఆయన్ని పెంచింది ఆవిడే. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు, తనకున్న కాస్త పొలంలో తనే దిగి నాట్లేస్తారు. నాకంటే రెండేళ్ళ ముందే ఆవిడకి సుగరు వచ్చింది. రెండు మాత్రలు రాశారు. భోజనాల దగ్గర అందరి ముందూ డబ్బా తీసి, ఇదిగో నా మిఠాయి అంటూ వేసుకునేవారు. నాకు ఒళ్ళు మండేది. గుట్టుగా వేసుకోకూడదా ఈవిడ అనుకునేదాన్ని.

2005 వేసవిలో పేపరు ఆదివారం పేజీలో ఒక ముక్క పడింది. రోజూ అర చెంచా దాల్చినచెక్క పొడి తీసుకుంటే రక్తంలో చక్కెర తగ్గుతుందట, చెడ్డ కొవ్వు కూడా దిగుతుందట. నాకు ప్రాణం లేచొచ్చింది. మందుల షాపుకి వెళ్ళక్కర్లేదు, కిరాణా కొట్లో దొరుకుతుంది, జబ్బుకని ఎవరికీ తెలియదు. మా బజారు శెట్టిగారు పల్చగా చుట్టలు చుట్టుకున్న చెక్కా, మందంగా గరుగ్గా ఉన్న చెక్కా రెండూ చూపించి, బిరియానీకా అమ్మా, మందుకా అని అడిగారు. బిరియానీకే అన్నాను. ఆయన మందంగా ఉన్నది పొట్లం కట్టి ఇచ్చారు.

సరిగ్గా అదే నెలలో డాక్టరుగారు నా రిపోర్టు చూసి, ఒక్క మాత్రతో తగ్గట్లేదని రాత్రికి ఇంకోటి కలిపారు. రాత్రి అన్నం మానేసి చపాతీ తినమన్నారు, పొద్దున్నే కాలవగట్టు మీద నడవమన్నారు. అన్నీ చేశాను. చెక్కపొడి కూడా తాగాను. మూడు నెలలు తిరిగేసరికి సుగరు దిగింది, కొవ్వు కూడా దిగింది. చెక్కపొడి సంగతి అప్పుడు సంతోషంగా డాక్టరుగారికి చెప్పాను.

"వేసుకుంటే వేసుకోండమ్మా, కానీ ఎక్కువ వద్దు, ఆ మందం చెక్క ఎక్కువైతే లివరుకి మంచిది కాదంటున్నారు" అన్నారు. "కొంతమందికి సుగరూ, కొవ్వూ కాస్త తగ్గుతున్నాయంటున్నారు, కొంతమందికి ఏమీ లేదంటున్నారు. ఇంకా తేలలేదు. మీకు తగ్గింది మాత్రలకీ, నడకకీ. అవి మాత్రం ఆపకండి."

ఇంత వివరంగా చెప్పారు పాపం. నా చెవికి ఎక్కింది మొదటి ముక్కే.

ఆ ఏడాది కోతలయ్యాక వదినగారి ఊళ్ళో చర్చిలో పంట పండగకి వెళ్ళాం. కొత్త బియ్యం, గుమ్మడికాయలు, అరటిగెలలు ప్రభువు బల్ల ముందు పెట్టి, ఆ ఏడాది మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెబుతారు. పాస్టరుగారు నా వైపు చూసి, టీచరమ్మగారూ మీరు కూడా ఒక మాట చెప్పండి అన్నారు. అడిగించుకోకుండానే లేచేదాన్ని, అడిగాక ఇంకేముంది.

మా సంఘాల్లో సాక్ష్యానికి ఒక వరస ఉంటుంది. ముందు స్తోత్రం చెప్పాలి. తర్వాత మన కష్టం, దాని ముందు మనుషులూ మందులూ ఎలా చేతులెత్తేశారో చెప్పాలి. ఆఖర్న దేవుడు ఎలా ఆదుకున్నాడో చెప్పాలి. నేను ఆ వరస తప్పలేదు. నాకు సుగరు వచ్చిందన్నాను. ఒక మాత్ర వేసుకుంటే తగ్గలేదన్నాను. అప్పుడు దేవుడు నా కంట ఈ చెక్క పడేశాడన్నాను. ఇవాళ నా సుగరూ కొవ్వూ అదుపులో ఉన్నాయన్నాను. ఏ మాటకామాట విడిగా చూస్తే ఒక్కటీ అబద్ధం కాదు. మధ్యలో రెండో మాత్ర సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే సాక్ష్యం పల్చబడిపోతుందనిపించింది. మింగేశాను.

అక్కడితో కూర్చున్నా బాగుండేది. టీచర్ని కదా, వివరించకపోతే తోచదు. కొట్లో చెక్క అంటాం, పేపరువాళ్ళు దాల్చినచెక్క అంటారు, బైబిలు వాక్యంలో అభిషేక తైలంలో కలిపిన లవంగిపట్ట ఇదే సుమండీ అని చెప్పాను. చర్చి అంతా ఒక్కసారి స్తోత్రం అంది. వంటింటి దినుసు కాస్తా పరిశుద్ధమైపోయింది. దాంతోపాటు మాత్ర మింగడం అవిశ్వాసం అయిపోయిందని నాకప్పుడు తట్టలేదు. ఆ రుచి మరిగి, తర్వాత రెండు నెలల్లో ఇదే సాక్ష్యం ఇంకో మూడు చోట్ల చెప్పాను. అత్తిలిలో స్త్రీల కూడికలో, ఉంగుటూరులో టీచర్ల ప్రార్థనలో, ఏలూరులో మా చుట్టాలింటి కృతజ్ఞత కూటంలో. చెప్పినకొద్దీ బాగా కుదిరింది.

2006 ఈస్టరుకి మళ్ళీ వదినగారింటికి వెళ్ళాం. వంటింట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళం కోడికూర చుట్టూ చేరాం. మసాలా నూరుతూ వదినగారు తలెత్తి నా వైపు చూసి మురిపెంగా నవ్వారు.

"మాత్రలు ఆపేశానే కరుణా, నీలాగే. లవంగిపట్టే వేసుకుంటున్నా."

నీలాగే అన్న మాట నేను స్పష్టంగా విన్నాను. వదినగారూ, నేను ఆపలేదండీ, ఈ పొద్దున కూడా వేసుకుని బస్సెక్కానండీ అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నా హ్యాండ్‌బ్యాగు అక్కడే మేకుకి వేలాడుతోంది, రాత్రి మాత్ర అందులోనే ఉంది. కానీ చుట్టూ ఉన్నవాళ్ళందరూ నా సాక్ష్యం విన్నవాళ్ళే. వాళ్ళ ముందు ముఖం ఎక్కడ పెట్టుకోను? సుగరు ఒకసారి చూపించుకుంటూ ఉండండి వదినగారూ అని గొణిగాను. ఆవిడ తలూపి మళ్ళీ రోకలి పట్టుకున్నారు. చర్చిలో మింగేసినదాన్ని పొరపాటనుకుని సరిపెట్టుకోవచ్చేమో. ఈ వంటింట్లో నోరు మూసుకున్నది మాత్రం పొరపాటు కాదు. తెలిసి తెలిసి చేశాను.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు కొట్టేసిన ఏడాది అది. ఆ వైపు ఊళ్ళలో ఏ ఇంట చూసినా ఆ గొడవే, ఎవరి కాలు ఎలా ఉందో చూసే తీరిక ఎవరికీ లేదు. నాట్లప్పుడు బురదలో నత్తగుల్ల కోసుకుని వదినగారి కుడికాలి బొటనవేలి కింద గాయమైంది. ఆవిడకి నొప్పే తెలియలేదు. సుగరు బాగా పెరిగితే అరికాళ్ళు మొద్దుబారతాయని నాకు తర్వాత తెలిసింది. పసుపు పెట్టుకుని, గుడ్డ కట్టుకుని, అదే కాలితో మళ్ళీ బురదలో దిగారు. పొడి ఎలాగూ వేసుకుంటున్నాను కదా అని ధీమా.

ఆగస్టులో ఒకరోజు పాస్టరుగారు మా స్కూలు పక్కనున్న ఫోను బూత్‌కి ఫోను చేసి నన్ను పిలిపించారు. ఆదివారం చర్చిలో పక్కన కూర్చున్నవాళ్ళకి వాసన వేసి గుడ్డ విప్పించారట. కాలు నల్లబడిందండీ, మనిషి మగతగా ఉన్నారండీ అన్నారు. మా ఆయన్ని తీసుకుని వెళ్ళి, కారు మాట్లాడి, ఆవిడ్ని ఏలూరు పెద్దాసుపత్రికి చేర్చాం. దారంతా ఆవిడ తల నా ఒళ్ళో ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. మధ్యలో కళ్ళు తెరిచి, స్కూలు మానుకుని వచ్చావా, పిల్లలకి పాఠం పోదూ అని నన్నే అడిగారు.

డాక్టరు చాలా చిన్నావిడ. రిపోర్టు చూసి ఆవిడ ముఖం మారిపోయింది. మంచం దగ్గరికి వచ్చి, మాత్రలు ఎప్పటినుంచి మానేశారు, ఎవరు మానెయ్యమన్నారు అని గట్టిగా అడిగింది. నేను మంచం అవతల నిలబడి ఉన్నాను. వదినగారు నా వైపు చూడను కూడా చూడలేదు.

"ఎవరూ చెప్పలేదండీ. పొలం పనుల్లో పడి నేనే మర్చిపోయానండీ."

అరవై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి, పుట్టి బుద్ధెరిగి అబద్ధం ఆడని మనిషి, నా కోసం అబద్ధం ఆడారు. నేను ఆ అబద్ధం చాటున హాయిగా నిలబడ్డాను. ఆ సిగ్గు ఇవాళ్టికీ పోలేదు.

పందొమ్మిది రోజులున్నాం ఆ ఆసుపత్రిలో. ముందు రెండు వేళ్ళు తీశారు. చీము ఆగలేదు. పాదం సగం తీయాలి, ఆలస్యమైతే మోకాలి దాకా వెళుతుంది, ప్రాణం సంగతి కూడా చెప్పలేమన్నారు. మా ఆయన సంతకం పెట్టి వచ్చి వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆపరేషను గది బయట బెంచీ మీద నా పక్కన గూడెం నుంచే వచ్చిన ఒకావిడ ఉండేది, నూనె వ్యాపారం చేసుకునే కోమట్ల కుటుంబం. వాళ్ళాయనకి కూడా కాలే. నేను పొద్దుటినుంచి ఏమీ తినలేదని చూసి, తన క్యారేజీలోంచి రెండు ఇడ్లీలు తీసి నా చేతిలో పెట్టింది.

"తినండి టీచరుగారూ. మీకూ సుగరేగా, మీరు పడిపోతే ఆవిడ్నెవరు చూస్తారండీ?"

నాకు సుగరని ఆవిడకెలా తెలిసిందని అడిగాను. నిన్న కుళాయి దగ్గర చాటుగా మాత్ర వేసుకోవడం చూశానండీ, అది మా ఆయన వేసుకునేదే అంది. ఇందులో దాచుకునేదేముందండీ అని కూడా అంది. అక్కడే, అంతమందిలో, వెక్కి వెక్కి ఏడ్చాను. వదినగారి కాలు గురించి ఏడుస్తున్నాననుకుని ఆవిడ వీపు నిమిరింది. రోజూ స్నానమయ్యాక అద్దం కింద పెట్టి అరికాళ్ళు చూసుకోవడం నాకు నేర్పింది ఆవిడే. సుగరు ఉన్నవాళ్ళు ఈ ఒక్క ముక్కయినా పట్టుకోండి.

పాదం సగం పోయింది. ప్రాణం నిలబడింది. జ్వరం తగ్గిన నాలుగో రోజు మధ్యాహ్నం, మా ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు, స్టూలు దగ్గరికి లాక్కుని వదినగారికి చెప్పేశాను. నేను మాత్రలు ఎప్పుడూ మానలేదండీ, సాక్ష్యం చెప్పిన రోజు కూడా వేసుకున్నానండీ, ఈస్టరు రోజు వేసుకున్నానండీ అన్నాను.

ఆవిడ ఫ్యాను వైపు చూస్తూ అడిగారు.

"ఎన్ని మాత్రలే?"

"రెండండీ. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి."

"నాకూ రెండే" అన్నారు. అని, మెల్లగా గోడ వైపు తిరిగి పడుకున్నారు.

తిట్టి ఉంటే బాగుండేది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం కలిపి పెడితే తిన్నారు, నీళ్ళిస్తే తాగారు, కళ్ళెత్తి మాత్రం చూడలేదు. మా ఆయనకి కూడా నేనే చెప్పాను. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. అక్క నిన్ను దేవుడి తర్వాత నమ్మింది అని ఆ ఒక్క ముక్క అని ఊరుకున్నాడు. వదినగార్ని మా ఇంటికే తెచ్చుకున్నాం. క్రిస్మస్ దాకా ఆయన నాతో అవసరానికి మించి ఒక్క మాట ఆడలేదు. ఒకే ఇంట్లో ముగ్గురం, రెండు డబ్బాల మాత్రలు. పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం చప్పుడు తప్ప ఇంకేం వినిపించేది కాదు. నాకూ ఆ దిగులుతో సుగరు మళ్ళీ పెరిగింది. డాక్టరుగారు ఏం జరిగిందమ్మా అంటే చెప్పలేకపోయాను.

2007 మొదట్లో, వదినగారు కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక, సాక్ష్యం చెప్పిన నాలుగు చోట్లకీ వెళ్ళి నిజం చెబుతానన్నాను. పాస్టరుగారు కాస్త వెనకాడారు, సంఘంలో అలజడెందుకమ్మా అన్నారు. వినలేదు. ముందు వదినగారి చర్చిలోనే లేచాను. రెండో మాత్ర సంగతి, నడక సంగతి, డాక్టరుగారు అన్న మాట, అన్నీ చెప్పాను. జనం ఎంతో ఆదరంగా తలలూపారు. కూడిక అయ్యాక ఒకాయన నా దగ్గరికొచ్చి, మీ తగ్గింపు మనసు చాలా బాగుందండీ టీచరుగారూ, ఇంతకీ పొడి అర చెంచానా, చెంచానా అని అడిగాడు. నా అబద్ధం అంత బాగా చెప్పాను మరి, నిజం దాన్ని దాటలేకపోయింది.

ఆయన అడిగిన మాట వెనక కుర్చీలో కూర్చున్న వదినగారి చెవిన పడింది. అత్తిలి వెళ్ళేరోజు నాకంటే ముందే చీర కట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. మీకెందుకండీ ఈ బస్సు ప్రయాణం అంటే వినిపించుకోలేదు. అక్కడ స్త్రీల కూడికలో నేను లేవబోతుంటే నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. కర్ర ఊతంతో ముందుకి వెళ్ళి, కుర్చీ లాక్కుని, దాని మీద కాలు పెట్టి, చెప్పు తీసి, మేజోడు తీశారు. సగం పాదం. కొన్ని కుట్ల గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. జీవితంలో ఏనాడూ కూడికలో లేచి నోరు విప్పని మనిషి.

"ఇద్దరం ఒకే పొడి వేసుకున్నామండీ. ఆ అమ్మాయి మాత్ర మానలేదు. నేను మానేశాను."

అంతే చెప్పి మేజోడు తొడుక్కున్నారు. ఎవరూ స్తోత్రం అనలేదు. గోడ వారగా కూర్చున్న ఒకావిడ చంకలో బిడ్డతో లేచి, మా అమ్మకి ఏడాది నుంచి మాత్రలు ఆపించేశానండీ, మీరు చెప్పిన తర్వాతేనండీ అంది, నా వైపు చూస్తూ. ఆ సాయంత్రమే వాళ్ళమ్మని డాక్టరుకి చూపించాం. కాళ్ళు బాగానే ఉన్నాయి. సుగరు బాగా పెరిగి ఉంది, మాత్రలు మొదలుపెట్టారు. ఉంగుటూరుకి, ఏలూరుకి కూడా వదినగారే వచ్చారు, అక్కడా ఆ రెండు ముక్కలే చెప్పారు. ఆ నాలుగు చోట్లా విన్నవాళ్ళు ఇంకెందరికి చెప్పారో, వాళ్ళలో ఎవరి కాలు ఎలా ఉందో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

ఇప్పుడు ఆవిడ మాతోనే ఉంటున్నారు. నాతో మాట్లాడతారు, నవ్వుతారు, కూరలో ఉప్పెక్కువైతే దెబ్బలాడతారు. మా ఆయన కూడా మామూలయ్యాడు. నా సుగరు మళ్ళీ అదుపులోకి వచ్చింది. అందరూ అయిపోయిందిలే అంటారు. పొద్దున్నే ఇద్దరం ఒకరి ఎదురుగా ఒకరం కూర్చుని మాత్రలు వేసుకుంటాం. తర్వాత ఆవిడ ఎడమ అరికాలు, మిగిలిన కుడిపాదం నేను చూస్తాను, నా కాళ్ళు ఆవిడ చూస్తారు. ఆవిడ పాదం ఒళ్ళో పెట్టుకున్నప్పుడల్లా ఒక మాట నోటిదాకా వస్తుంది. నన్ను క్షమించండి వదినగారూ అని ఇంతవరకూ అనలేదు. అంటే వెంటనే క్షమించేస్తారని నాకు తెలుసు. అందుకే అనలేకపోతున్నాను.